అంతరిక్షమునుండి రోగిని దించు నౌక

రోగమునకు దేశకాలనియమము లేదు. పూర్వము మన సీమలో నడిరేయి జబ్బుచేసినవానిని ఎద్దులబండిలో పరుండబెట్టి జమ్మలమడుగు మిషను ఆసుపత్రికి గొనిపోవుచుండిరి. 2005వ సంవత్సరమున 108 వాహనములు వచ్చినపిమ్మట ఇడుపులపాయవంటి గ్రామములకును పిలిచినంతనే బండి వచ్చుచున్నది. భూమికి సుమారు 400 కిలోమీటర్ల యెత్తున తిరుగు అంతరిక్షకేంద్రమున నొకరికి జబ్బుచేసిన నెట్టి బండి వలయును? దీనిని విచారింతము.

ఇది కల్పన కాదు. 1985లో సోవియట్‌వారి సల్యూట్ 7 కేంద్రమున నాయకుడగు వస్యూతిన్ రోగగ్రస్తుడు కాగా, పని మధ్యలోనే నిలిపి, నవంబరు 21న మువ్వురును సోయుజ్ నౌకలో దిగివచ్చిరి. 2026 జనవరిలో అంతర్జాతీయ కేంద్రమునుండియు ఒకరి అస్వస్థతచే నలుగురు గడువునకు ముందే డ్రాగన్ నౌకలో మరలిరి. ఒకరికి జబ్బుచేయగా తక్కినవా రేల రావలయును? వారందరికి తిరుగుదారి ఆ నౌక యొక్కటియే. రోగిని మాత్రము పంపిన, మిగిలినవారు అపాయకాలమున పడవలేనివా రగుదురు.

ఇట్టి నౌకకు నాలుగు లక్షణము లావశ్యకములు.

మొదటిది సాన్నిధ్యము. రాకెట్టును సిద్ధపరచి పంపువరకు రోగి నిలువజాలడు. కావున నౌక యెల్లప్పుడు కేంద్రమునకు తగిలియే యుండవలెను.

రెండవది మృదువైన అవరోహణము. గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగమును గాలియే అణపవలెను. రాయివలె పడు నౌకలో మనిషికి తన బరువునకు ఎనిమిదిరెట్లకు పైబడిన భారము తోచును. గాలిపై కొంత తేలునట్లు నడపిన నది నాలుగురెట్లకు దిగును. కూర్చున్నవానికి నెత్తురు తలనుండి కాళ్లకు జారును గనుక రోగిని వెల్లకిల పరుండబెట్టవలెను.

మూడవది వైద్యసామగ్రి. బరువు తోచనిచోట సీసాలోని సెలైను తనంతట జారదు, పంపుతో నెక్కింపవలెను. రోగికిచ్చు ప్రాణవాయువు గదిలో నిండిన అగ్నిభయము గలదు. దానిని కనిపెట్టు యంత్రమును వలయును.

నాలుగవది దిగుచోటు. కేంద్రము సుమారు 92 నిమిషముల కొకమారు భూమిని చుట్టును. ఈలోగా భూమియు తిరుగుటచే, కోరినచోటు కోరినప్పుడు క్రిందికి రాదు. కావున పలుచోట్ల రేవులు, ఓడలు, వైద్యులు సిద్ధముగా నుండవలెను.

మన శ్రీహరికోటయు ఈ విద్య నభ్యసించుచున్నది. 2007 జనవరి 10న అచ్చటనుండి పోయిన పేటిక పండ్రెండు దినములు భూమిని చుట్టి బంగాళాఖాతమున క్షేమముగా దిగెను. 2014 డిసెంబరు 18న మనుష్యులు కూర్చుండదగిన గదియొకటి, ఎవ్వరు లేకుండగనే, 126 కిలోమీటర్ల యెత్తునకు పోయి అండమాను ప్రాంతమున సముద్రమున వ్రాలెను.

మంచి సమరయుడు గాయపడినవానిని తన వాహనముపై నెక్కించుకొనెను. ఆ వాహనము చెంత నుండుటచేతనే అతని దయ ఫలించెను. దయకు విద్య తోడుకావలెనని మన విద్యార్థులు గ్రహించి, గణితమును ప్రకృతిశాస్త్రమును శ్రద్ధతో నేర్తురు గాక.