చేతిలోని ఫోను - మనస్సులోని శాంతి

నేడు మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో సెల్‌ఫోను లేని యిల్లు అరుదు. 2020 మార్చిలో కరోనా కారణమున పాఠశాలలు మూతపడగా, పాఠములు వినుటకై పలువురు పిల్లల చేతికి ఫోను వచ్చినది. తరువాత పాఠశాలలు తెరచిరి. ఫోను మాత్రము చేతిని విడువలేదు. దానిలోని సామాజిక మాధ్యమములు బాలబాలికల మనస్సుపై ఎట్లు పని చేయునో, వానిని మనమెట్లు అదుపులో నుంచుకొనవలెనో ఈ పాఠమున విచారింతము.

ఫేస్‌బుక్ 2004లోను, యూట్యూబ్ 2005లోను, వాట్సాప్ 2009లోను, ఇన్‌స్టాగ్రామ్ 2010లోను పుట్టినవి. ఇట్టివానిలో పెక్కింటికి ప్రకటనలే ప్రధానమైన ఆదాయము. మనము ఎంతసేపు చూచిన వారికి అంత లాభము. కావున మన చూపు మరలకుండునట్లుగా అవి నిర్మింపబడినవి. పుస్తకమునకు చివరి పుట కలదు. సినిమాకు ముగింపు కలదు. ఈ తెరకు తుది లేదు. వ్రేలితో జరిపిన కొలది క్రొత్త దృశ్యము వచ్చును. రాబోవునది రుచించునో లేదో ముందుగా తెలియదు. ఆ తెలియకపోవుటయే ఆశ గొలిపి మరల మరల జరిపించును. పది నిమిషములని కూర్చున్న బాలుడు గంట గడచినను లేవకుండుటకు వాని సోమరితనమొక్కటే కారణము కాదని పెద్దలు గ్రహింపవలెను.

ఇందువలన మొదట నష్టపోవునది నిద్ర. 13 మొదలు 18 ఏండ్ల వయస్సు వారికి రాత్రికి 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెప్పుచున్నారు. దుప్పటిలో ఫోను వెలుగుచున్నచో ఆ నిద్ర ఎక్కడిది? రెండవది పోలిక. ఇతరులు తమ దినములోని మంచి క్షణములను ఏరి చూపుదురు. వానితో మన దినమునంతటిని పోల్చుకొని, మన రూపము, మన యిల్లు, మన బట్టలు తక్కువని క్రుంగుట న్యాయము కాదు.

2023లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి వివేక్ మూర్తి ఈ విషయమై ఒక హెచ్చరిక ప్రకటించిరి. వారి తల్లిదండ్రులది మన పొరుగున నున్న కర్ణాటకమే. దినమునకు 3 గంటలకు మించి సామాజిక మాధ్యమములలో గడపు బాలబాలికలకు దిగులు, ఆందోళన వంటి బాధలు కలుగు ప్రమాదము రెట్టింపని అందు తెలిపిరి. అయితే దీనిని బట్టి ఫోనే సర్వరోగములకు మూలమని తీర్మానింపరాదు. ముందే దుఃఖములో నున్న బిడ్డ ఫోనును ఆశ్రయించుటయు కలదు. స్నేహము, ఆదరణ దొరకని వారికి ఈ మాధ్యమములు తోడగుననియు ఆ హెచ్చరికయే చెప్పుచున్నది.

మన వంటి అల్పసంఖ్యాక భాషీయులకు ఇందు మరియొక విశేషము కలదు. మన పిల్లలకు వీధిలో తమిళము, కన్నడము వినవచ్చును. ఉద్యోగమునకై ఆంగ్లము నేర్వవలెను. తెలుగు మాటలకు సాయంకాలపు ఇల్లే ముఖ్యమైన చోటు. తండ్రి సిప్కాట్ కర్మాగారములో షిఫ్టు ముగించుకొని, లేదా తల్లి పూలతోటనుండి అలసి వచ్చిన వేళ నలుగురును నాలుగు తెరలు చూచుచు కూర్చున్నచో, బిడ్డ తన దిగులును చెప్పుకొను సమయమును పోవును, సామెత, కథ, పలుకుబడి చెవిని పడు సమయమును పోవును. ఒక్క దెబ్బకు రెండు నష్టములు.

అదే ఫోను మేలును చేయగలదు. కుప్పములోనో చిత్తూరులోనో ఉన్న అమ్మమ్మతో దాని ద్వారా ముఖాముఖి మాటలాడవచ్చును. తెలుగు మాటలను ఆంగ్లాక్షరములలో వ్రాయు అలవాటు మాని తెలుగు లిపిలోనే సందేశము పంపినచో, అది దినదినాభ్యాసమగును.

విద్యార్థులారా! ఏడు దినములు ఈ పరీక్ష చేసి చూడుడు. ఏ యే మాధ్యమమున ఎంతసేపు గడపితిరో చాల ఫోనులు తామే లెక్కించి చూపును. ఆ లెక్కను, నిద్రించిన గంటలను, నాటి మనఃస్థితిని నోటుపుస్తకమున వ్రాయుడు. మరుసటి వారము రాత్రివేళ ఫోనును పడకగది వెలుపల నుంచి, మరల వ్రాయుడు. రెండు వారములను పోల్చి మీరే తీర్పు చెప్పుడు.

తల్లిదండ్రులకు మా విన్నపము: భోజనవేళ ముందుగా మీ ఫోనును ప్రక్కన పెట్టుడు. ఎవరైనను ఫోనులో బెదిరించినను, అవమానించినను బిడ్డ నిర్భయముగా మీతో చెప్పుకొనునట్లు ఉండుడు. చెప్పిన వెంటనే ఫోను లాగికొన్నచో, మరునాడు చెప్పడు.

ఆస్ట్రేలియాలో 16 ఏండ్ల లోపు వారికి ఈ మాధ్యమములలో ఖాతాలు ఉండరాదను చట్టము 2025 డిసెంబరు 10న అమలులోనికి వచ్చినది. చట్టము వాకిలి కాయగలదు గాని, ఇంటిలోని మాటను తేజాలదు. ఇంటివారి వలన కాని కష్టము వచ్చినచో వైద్యసహాయము కోరుట సిగ్గు కాదు. బెంగుళూరునకు పోవు మన హోసూరు రోడ్డు మీదనే నిమ్హాన్స్ సంస్థ కలదు. సాంకేతిక పరికరముల వ్యసనమునకై అచ్చట 2014లోనే ప్రత్యేక చికిత్సా విభాగము వెలసినది. 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ వారికి 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఆపదలో నున్న పిల్లలకు 1098 కలదు.

ఈ సంఖ్యలను నోటుపుస్తకపు మొదటి పుటలో వ్రాసికొనుడు. నేటి రాత్రినుండియే లెక్క ప్రారంభింపుడు.