ఇన్‌స్టాలర్ ఆగిపోయిందా, పనిలో ఉందా?

నవంబరు వచ్చిందంటే రిటైరైన మన సహోద్యోగుల ఇళ్లలో జీవన్ ప్రమాణ్ హడావుడి మొదలవుతుంది. వేలిముద్ర పరికరానికి డ్రైవరు, దాని ఆర్‌డీ సర్వీసు, ఆపైన అసలు అప్లికేషను, అన్నీ ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లోనే ఎక్కించాలి. వాటిలో ఏదో ఒకటి సగంలో నిలబడిపోతుంది. పెద్దాయన నాలుగుసార్లు క్లిక్ చేసి, విసుగెత్తి పవర్ బటన్ నొక్కేస్తారు. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. సగం రాసిన ఫైళ్లు లోపల మిగిలిపోయి, రెండోసారి ఎక్కించబోతే కొత్త ఎర్రర్లు వస్తాయి.

తెరమీద కదిలే ఆ గీతను అంతగా నమ్మకండి. అది ఉజ్జాయింపు లెక్క. 99 శాతం దగ్గర పది నిమిషాలు ఆగినా ఆశ్చర్యం లేదు. నిజం తెలియాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో డిస్క్ వాడకం 100 శాతానికి దగ్గరగా ఉంటే, కంప్యూటరు ఖాళీగా లేదన్నమాట. పాత హార్డ్‌డిస్కులో వేల చిన్న ఫైళ్లు రాయాలి, ఒక్కోదాన్నీ యాంటీవైరస్ తనిఖీ చేయాలి. అయిదువందల నోట్లలో లక్ష లెక్కపెట్టడానికీ, పది రూపాయల నోట్లలో లెక్కపెట్టడానికీ తేడా మన ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అలాంటప్పుడు కదిలించకుండా వదిలేయడమే మేలు.

డిస్కూ, ప్రాసెసరూ రెండూ ఖాళీగా కనిపిస్తే మాత్రం అది మీ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. అనుమతి అడిగే పెట్టె ఒక్కోసారి వేరే విండో వెనక ఉండిపోతుంది. కింద టాస్క్‌బార్‌లో ఏదైనా గుర్తు మిణుకుమంటోందేమో చూడండి.

1618 అనే నంబరు కనిపిస్తే భయపడకండి. మరో ఇన్‌స్టలేషన్ నడుస్తోందని దాని అర్థం. విండోస్ ఇన్‌స్టాలర్ ఒకసారి ఒకరినే పిలిచే కౌంటరు లాంటిది. ముందుది పూర్తయ్యేదాకా ఆగండి. ఎంతకీ తెమలకపోతే రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం దీనికి సమానం కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న కంప్యూటర్లలో షట్‌డౌన్ వ్యవస్థను పూర్తిగా కొత్తగా మొదలుపెట్టదు, రీస్టార్ట్ మొదలుపెడుతుంది. జిప్ ఫైలయితే దాని లోపలి నుంచే నడపకుండా, ముందు మొత్తం విప్పుకోండి. సి డ్రైవులో ఖాళీ ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఓపిక నశించినప్పుడు చేసే రెండు పనులు నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తాయి. ఒకటి, యాంటీవైరస్ ఆపేసి ఎక్కించడం. అదే కంప్యూటరులో నెట్ బ్యాంకింగ్ కూడా చేస్తామని మరచిపోతాం. రెండోది, ఇంటర్నెట్‌లో వెతికితే దొరికిన ఏదో హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన యాప్ ఎక్కించి, మన తెరను వాళ్ల చేతికివ్వడం. ఇలాంటి రిమోట్ యాప్‌తో యూపీఐ ఖాతాలను ఖాళీ చేస్తున్నారని 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. ఫైలు మీద అనుమానం ఉంటే దానిమీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ చూడండి. తయారీదారు పేరు అక్కడ కనిపించాలి. లేకపోతే అధికారిక వెబ్‌సైటు నుంచి మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోండి.

ఇంత చేసినా లొంగకపోతే, ఎర్రర్ నంబరు కనిపించేలా తెరను ఫోటో తీసి, కంప్యూటరు తెలిసిన ఇంటివాళ్లకు చూపించండి. జీవన్ ప్రమాణ్ పత్రం కోసమే అయితే డెస్క్‌టాప్‌తో కుస్తీ పట్టనక్కర్లేదు. ముఖం గుర్తింపుతో ఫోన్‌లోనే ఇవ్వవచ్చు, శాఖకు వచ్చి కూడా ఇవ్వవచ్చు.