నాణెపు పరీక్ష

పాఠ్యభాగ సందర్భం

ఇది వ్యాస ప్రక్రియకు చెందిన పాఠం. చేతికి అందక, కంప్యూటరు ఖాతాలో అంకెలుగా మాత్రమే ఉండే క్రిప్టో నాణేలు నేడు దినదినమూ కొత్తగా పుట్టుకొస్తున్నాయి. వాటిలో సొమ్ము పెట్టే ముందు ఏమి పరిశీలించాలో ఈ వ్యాసం శ్రీముఖలింగ శాసనాల ఆధారంగా చర్చిస్తుంది.

పాఠ్యభాగం

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో, వంశధారా నదీతీరాన శ్రీముఖలింగం ఉంది. ఇప్పుడు అది ఒక చిన్న గ్రామం. ఒకనాడు తూర్పు గాంగుల రాజధాని అయిన కళింగనగరం ఇదేనని చరిత్రకారులు నిర్ణయించారు. ఇక్కడి మధుకేశ్వరాలయపు శాసనాలలో పెక్కు దానశాసనాలే. దేవుని సన్నిధిలో అఖండదీపం వెలగడానికి ఎవరు దానమిచ్చారు, ఎంత ఇచ్చారు, ఏ శక సంవత్సరంలో ఇచ్చారు అన్న వివరాలు వాటిలో కనిపిస్తాయి. ఆనాటి బంగారు నాణేలైన మాడల ప్రస్తావన ఈ ప్రాంతపు శాసనాలలో తరచుగా వస్తుంది.

ఈ శాసనాలను శ్రద్ధగా చదివినవారిలో గిడుగు వెంకట రామమూర్తి ఒకరు. ఆయన 1863లో ఇక్కడికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న కాలంలో ప్రాచీన లిపులను తనంతట తానే నేర్చుకొని, ముఖలింగ శాసనాలను స్వయంగా పరిశీలించి, గాంగవంశ చరిత్రపై వ్యాసాలు వ్రాశారు. జనం చెప్పుకొనే మాటతో తృప్తి చెందక, రాతి మీద అసలు ఏమి ఉన్నదో చూడడం ఆయన పద్ధతి. కొత్త నాణెం కొనదలచినవారికి కావలసింది కూడా ఆ పద్ధతే.

క్రిప్టో నాణేలలో మొదటిదైన బిట్‌కాయిన్ 2009 జనవరిలో ఆరంభమైంది. దానికి ఆధారం బ్లాక్‌చెయిన్ అనే బహిరంగ ఖాతా. ఎవరి చిరునామా నుంచి ఎవరి చిరునామాకు ఎంత వెళ్ళిందో అందులో నమోదవుతుంది. ఒకసారి నమోదైనదాన్ని చెరిపివేయడం బహు కష్టం. ఈ గుణం వల్ల దీనిని శిలాశాసనంతో పోల్చవచ్చు. అయితే శాసనం జరిగిన దానానికి సాక్ష్యం మాత్రమే. దీపం ఆరిపోకుండా చూడడం రాతికి సాధ్యం కాదు. ఆ పని మనుషులదే. గాంగుల రాజ్యం పోయింది, శాసనం నిలిచింది. బ్లాక్‌చెయిన్ కూడా అంతే. సొమ్ము వెళ్ళిన దారిని అది చూపగలదు గాని, సొమ్ము తీసుకొన్నవాడు మాట నిలుపుకొంటాడని పూచీ పడలేదు. కొత్త నాణేలను ప్రచారం చేసేవారు ఈ రెంటినీ కావాలని కలిపివేస్తారు. “అంతా బ్లాక్‌చెయిన్ మీదే ఉంది, మోసానికి తావు లేదు” అంటారు.

కొందరి విషయంలో ఆ బ్లాక్‌చెయిన్ కూడా ఉండదు. రూజా ఇగ్నతోవా 2014లో ప్రారంభించిన వన్‌కాయిన్‌కు ఎవరైనా చూడదగిన నిజమైన బహిరంగ ఖాతాయే లేదు. సభలు పెట్టి, ఒకరి ద్వారా మరొకరిని చేర్పించి సొమ్ము వసూలు చేశారు. 2017 ఏప్రిల్‌లో నవీ ముంబయిలో అలాంటి సభ నిర్వహించినవారిని పోలీసులు అరెస్టు చేశారు. అదే సంవత్సరం అక్టోబరులో ఆమె అదృశ్యమైంది. పోగైన సొమ్ము 400 కోట్ల డాలర్లకు పైమాటేనని అమెరికా ప్రభుత్వ న్యాయవాదులు పేర్కొన్నారు.

కనుక మొదట అడగవలసింది: ఖాతా ఎక్కడ ఉంది? నేను చూడవచ్చునా? తరువాత, దాతల పేర్ల వలె నిర్మాతల పేర్లు తెలిసి ఉన్నాయా? వారు పూర్వం చేసిన పని ఏది? ఎక్స్ఛేంజీలో నాణెం చేరింది గదా అని ఊరట చెందరాదు. ఎక్స్ఛేంజీ అనేది సంత వంటిది. సంతలో చోటు దొరికినంత మాత్రాన సరుకు మంచిదని సంతవారు హామీ ఇచ్చినట్లు కాదు.

ధర విషయంలో సామాన్యులు ఎక్కువగా పొరబడతారు. “బిట్‌కాయిన్ లక్షలు పలుకుతోంది, ఇది రెండు రూపాయలే” అన్న మాట వినసొంపుగా ఉంటుంది. ఒక ఊహాత్మక నాణెం తీసుకొందాం. మొత్తం 100 కోట్లు ఉన్నాయి; చలామణీలో ఉన్నవి 5 కోట్లు; ఒక్కొక్కటి 2 రూపాయలు. చలామణీలోని వాటి విలువ 10 కోట్లు. మిగిలిన 95 కోట్ల నాణేలు నిర్మాతల వద్ద, తొలి పెట్టుబడిదారుల వద్ద ఉన్నాయి. నెలకు 5 కోట్ల చొప్పున అవి బయటికి వస్తే మొదటి నెలాఖరుకే చలామణీ రెట్టింపవుతుంది. కొనడానికి వచ్చే సొమ్ము పెరగకపోతే ధర దాదాపు రూపాయికి దిగుతుంది. ఇందులో మోసం ఏదీ లేదు; కూడికలు, తీసివేతలే. ఈ విడుదల పట్టిక ప్రాజెక్టు పత్రంలో ఉండాలి. లేకపోతే ఆ పత్రం ఎంత అందంగా ఉన్నా ప్రయోజనం లేదు.

ఆ 10 కోట్లయినా నిజంగా చేతికి వచ్చేవి కావు. పలాసలో ఒక కిలో జీడిపప్పు అమ్ముడుపోయిన ధరతో గోదాములోని సరుకంతటికీ విలువ కట్టవచ్చు. అంత సరుకు కొనేవాడు ఆ రోజు ఉండాలి గదా! అందుచేత కొనేవారి పక్షాన ఎంత సొమ్ము సిద్ధంగా ఉన్నదో చూడాలి. ఆ సొమ్మును నిర్మాతలు ఎప్పుడైనా తీసుకుపోగలరా, లేక కొంతకాలం తీయరాకుండా బిగించారా అన్నది దానికంటె ముఖ్యం. 2021 అక్టోబరులో ఒక కొరియా టీవీ ధారావాహిక పేరుతో వచ్చిన స్క్విడ్ నాణెం కొద్ది దినాలలోనే 2,800 డాలర్లు దాటింది. కొన్నవారు చాలామంది దానిని అమ్ముకోలేకపోయారు. నవంబరు 1న కొద్ది నిమిషాలలో ధర సున్నాకు చేరువైంది. కనుక కొనే దారితో పాటు అమ్మే దారి ఉన్నదో లేదో ముందే చూడాలి.

కొద్ది మొత్తం పెట్టి, కొంత అమ్మి, రూపాయలుగా బ్యాంకుకు రప్పించుకొని చూడడం మంచి పరీక్ష. కాని అదొక్కటే చాలదు. మొదట సక్రమంగా చెల్లించడం మోసానికి కూడా అవసరమే. 1995లో విజయవాడ కేంద్రంగా మొదలైన అగ్రిగోల్డ్ క్రిప్టో కాదు. స్థలాలు, అధిక ప్రతిఫలం చూపి సొమ్ము సేకరించిన సంస్థ. ఏళ్ళ తరబడి చెల్లింపులు జరిగాయి, తరువాత ఆగిపోయాయి. సుమారు 32 లక్షల ఖాతాలలో 6,380 కోట్ల రూపాయలు చిక్కుకొన్నాయని దర్యాప్తు సంస్థ లెక్క. డిపాజిట్లు చేర్పించిన ఏజెంట్లలో చాలామంది ఆ ఊరివారే, బంధువులే. వారిలో అనేకులు తామూ నమ్మి నష్టపోయారు. మేనమామ చెప్పాడు, స్నేహితుడు చెప్పాడు అన్నది చెప్పినవారి మనసుకు సాక్ష్యం కావచ్చును గాని ప్రాజెక్టుకు సాక్ష్యం కాదు.

చట్టం ఎంతవరకు ఆదుకొంటుంది? బ్యాంకు డిపాజిట్‌కు 2020 నుంచి 5 లక్షల వరకు బీమా ఉంది. క్రిప్టో నాణేనికి అటువంటిది లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభంపై 30 శాతం పన్ను విధించారు. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరొక నాణెపు లాభంలో తగ్గించి చూపడానికి వీలు లేకుండా చేశారు. ప్రభుత్వం పన్ను తీసుకొంటున్నది కాబట్టి ఇది సురక్షితమని వాదించేవారున్నారు. ఆ వాదంలో పస లేదు. గుర్రపు పందేల గెలుపు మీద కూడా పన్ను ఉంది.

అభ్యాసం

1. బ్లాక్‌చెయిన్‌కూ శిలాశాసనానికీ గల పోలికను, ఆ పోలికకు గల హద్దును వివరించండి.
2. పై ఉదాహరణలో నెలకు 10 కోట్ల నాణేలు విడుదలై, కొనే సొమ్ము పెరగకపోతే మొదటి నెలాఖరుకు ధర ఎంత ఉంటుంది?
3. “మొదట సక్రమంగా చెల్లించడం మోసానికి కూడా అవసరమే” – సందర్భ సహితంగా వ్యాఖ్యానించండి.
4. మీ ఊరిలో వసూలైన ఒక పొదుపు పథకపు పత్రాన్ని సంపాదించి, అందులో ఎవరి పేర్లు ఉన్నాయో, ఏ హామీ ఎవరు ఇచ్చారో వ్రాయండి.