ఋతుసంధి: పద్నాలుగు దినాల పాఠం



పాఠం చెప్పడం వేరు, దానిని పాటించడం వేరు. ఈ భేదం నాకు డెబ్బై మూడవ యేట గాని తెలియలేదు. ఒక ప్రాచ్య కళాశాలలో ముప్పై నాలుగు సంవత్సరాలు కావ్యాలు, వ్యాకరణం బోధించాను. వసంతవర్ణన వచ్చినప్పుడల్లా మలయమారుతాన్ని గురించి, మామిడి పూతను గురించి, కోకిలను గురించి విస్తారంగా వ్యాఖ్యానించేవాడిని. ఆసక్తి గల విద్యార్థులకు సాయంకాలాలలో వాగ్భటాచార్యుల అష్టాంగహృదయం నుండి ఋతుచర్యాధ్యాయం కూడా చెప్పేవాడిని. అటువంటి నేనే గత సంవత్సరం శిశిరం వెళ్ళి వసంతం వచ్చే వేళ, ఆ అధ్యాయం చివర ఉన్న ఒక హితవును మరచి మంచాన పడ్డాను. ఆ హితవు ఏమిటో వివరించి, ఈ ఉగాదికి ముందుగానే పాఠకులు దానిని ఆచరణలో పెట్టుకొనవలెనని కోరడమే ఈ వ్యాసానికి ప్రయోజనం.

గోదావరి తీరంలో పుట్టి పెరిగిన నేను 2017లో మా అబ్బాయి వద్దకు మియాపూర్ వచ్చాను. ఆ సంవత్సరం నవంబరులోనే ఇక్కడి నుండి మెట్రో రైలు నడవడం ఆరంభమైనది. ముంబయి రహదారి మీద, ఆల్విన్ చౌరస్తా వద్ద తెల్లవారుజాము నుండే వాహనాల రద్దీ మొదలవుతుంది. ఇటువంటి చోట ఋతువులు ఎక్కడ కనబడతాయని మొదట అనుకొన్నాను. కాని లోపలి వీధులలో కానుగలు, వేపలు, ఒక మలుపు వద్ద పెద్ద రావిచెట్టు ఉన్నవి. ప్రతిదినం ఉదయం ఒక గంట ఆ వీధులలో నడవడం నాకు అలవాటయింది. పుస్తకంలో చెప్పిన వసంతాన్ని కంటితో చూడడం అక్కడే నేర్చుకొన్నాను.

ఇక నా పొరపాటు సంగతి. గత సంవత్సరం, అనగా 2025లో, ఫిబ్రవరి 26న మహాశివరాత్రి వచ్చింది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన సామెత. ఆ సామెతను నేను అక్షరాలా నమ్మాను. ఉపవాస జాగరణలు చేసి, మరునాడు మధ్యాహ్నం గాఢంగా నిద్రపోయాను. ఆ మరుసటి దినం నుండి వేడినీళ్ళు మాని చన్నీటి స్నానం ఆరంభించాను. శాలువా పెట్టెలో పెట్టించి, ఉదయం నాలుగున్నరకే నడకకు బయలుదేరాను. "ఏమండీ, ఇంకా మంచు కురుస్తూనే ఉన్నది కదా, ఆ శాలువా అయినా కప్పుకోండి" అని నా అర్ధాంగి అన్నది. సామెతకు అపవాదం లేదని నవ్వుతూ బదులు చెప్పాను. వారం తిరగకుండానే జలుబు, దగ్గు, ఆయాసం పట్టుకొన్నవి. వైద్యుడు పది దినాలు గది దాటవద్దన్నాడు. దగ్గు తగ్గినా గొంతు తిరిగి రాలేదు.

మార్చి 30న విశ్వావసు నామ సంవత్సర ఉగాది. ఇరవై సంవత్సరాలకు పైగా ఉగాదినాడు ఏదో ఒక ఆలయంలో పంచాంగ పఠనం చేస్తూ వచ్చినవాడిని, ఆ రోజు శ్రోతగా కూర్చున్నాను. నా పూర్వ విద్యార్థి ఒకరు నా స్థానంలో చదివాడు. చక్కగానే చదివాడు. అయినా నాకు మనస్సు చివుక్కుమన్న మాట నిజం. గొంతు పోయినందుకు కాదు, తెలిసి తప్పినందుకు.

వాగ్భటాచార్యులు చెప్పిన హితవు ఇది. గడచే ఋతువులోని చివరి ఏడు దినాలు, రాబోయే ఋతువులోని మొదటి ఏడు దినాలు, ఈ పద్నాలుగు దినాలకు ఋతుసంధి అని పేరు. ఆ కాలంలో వెనుకటి ఋతువునకు చెందిన ఆహార విహారాలను క్రమంగా విడువవలెను, ముందటి ఋతువునకు చెందినవాటిని క్రమంగా గ్రహించవలెను. ఒక్కసారిగా విడిచినా, ఒక్కసారిగా పట్టినా శరీరానికి సరిపడక రోగాలు పుడతాయి. అలవాట్లను మార్చుకొనే విషయంలో చరకసంహిత పాదాంశ క్రమాన్ని చెప్పింది. పాదాంశమంటే నాలుగవ వంతు. విడువవలసినదానిని నాలుగవ వంతు చొప్పున తగ్గిస్తూ, ఆ మేరకు మంచిదానిని పెంచుకోవలెను.

దీనికి కారణం కూడా శాస్త్రమే చెప్పింది. శీతకాలంలో దేహంలో కఫం సంచితమవుతుంది. వసంతంలో సూర్యకిరణాలకు అది కరిగి, జఠరాగ్నిని మందగింపజేస్తుంది. ఈ మాటను విద్యార్థులకు చెప్పేటప్పుడు నాకు సరియైన ఉదాహరణ దొరికేది కాదు. మియాపూర్ ఇంటి కిటికీలో దొరికింది. పుష్య మాసపు ఉదయాలలో అక్కడి కొబ్బరినూనె సీసా తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. మాఘం ముదిరేసరికి ఉదయం గడ్డగా, మధ్యాహ్నం ద్రవంగా కనిపిస్తుంది. ఫాల్గుణం చివరకు ఇక గడ్డకట్టదు. ఆ నడిమి దినాలలో సీసాలోని నూనె ఏ స్థితిలో ఉన్నదో, మన దేహమూ ఇంచుమించు అదే స్థితిలో ఉన్నదని భావించవచ్చు.

మన నగరం దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి అయిదువందల మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. చలికాలం చివర ఇక్కడ గాలి పొడిగా, ఆకాశం నిర్మలంగా ఉంటాయి. అందువలన పగలు కాగిన నేల, నల్లరాతి గుట్టలు రాత్రి త్వరగా చల్లారతాయి. ఫిబ్రవరిలో ఉదయపు చలికి, మధ్యాహ్నపు ఎండకు మధ్య పద్నాలుగు డిగ్రీల వరకు తేడా ఉండడం ఇక్కడ సాధారణం. మధ్యాహ్నాన్ని చూచి తెల్లవారుజామున శాలువా విడిచిపెట్టినవాడు నావలె మోసపోతాడు.

ఉదయపు లెక్కలో మరొక విశేషం ఉన్నది. సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒకనాడు మా మనుమడు, "తాతయ్యా, ఉత్తరాయణం వచ్చింది కదా, సూర్యోదయం ఇంకా ఆలస్యమవుతున్నదేమి?" అని అడిగాడు. వాడు చెప్పినది నిజమే. డిసెంబరు 21, 22 తేదీల నుండే పగలు పెరగడం ఆరంభమవుతుంది గాని, ఆ పెరుగుదల ముందుగా సాయంకాలంలో కనబడుతుంది. హైదరాబాదులో డిసెంబరు చివర సుమారు 6 గంటల 42 నిమిషాలకు ఉదయించే సూర్యుడు జనవరి 25 ప్రాంతంలో సుమారు 6 గంటల 50 నిమిషాలకు ఉదయిస్తాడు. ఆ తరువాతనే ఉదయం ముందుకు జరుగుతుంది. ఉగాది నాటికి అది 6 గంటల 24 నిమిషాల ప్రాంతానికి చేరుతుంది. కనుక వృద్ధులు, ఆయాసం గలవారు ఫాల్గుణం ముగిసేవరకు సూర్యోదయం తరువాతనే నడకకు వెళ్ళడం మేలు. చలి ఉదయాలలో బరువైన గాలి నేలను అంటిపెట్టుకొని ఉంటుంది. వీధులలో ఎండుటాకులు కాల్చిన పొగ ఆ గాలిలోనే నిలుస్తుంది. ఎండ తగిలిన తరువాత గాని అది పైకి లేవదు.

ఋతువు మారుతున్నదని ఎట్లా గుర్తించడం? పంచాంగం చూస్తే చాలదా అని కొందరు అడుగుతారు. పంచాంగం తప్పక చూడవలెను. అయితే ఒక సంగతి గమనించండి. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది. 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. ఈ సంవత్సరం మార్చి 19న పరాభవ నామ సంవత్సరాది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 దినాలు కావడం వలన ఉగాది ఏటా పదకొండు దినాల వరకు ముందుకు జరుగుతుంది, అధికమాసం పడినప్పుడు మళ్ళీ వెనుకకు వెళుతుంది. చెట్టు, గాలి, దేహం మాత్రం సూర్యుణ్ణి అనుసరిస్తాయి. ఉగాది ఏప్రిల్‌లో వచ్చిన 2024లో, పండుగనాటికే ఎండలు ముదిరి ఉన్నవి. అందుచేత వ్రతానికి, సంకల్పానికి తిథి ప్రమాణం. ఆహార విహారాలకు తిథితోపాటు వీధిలోని చిహ్నాలను కూడా చూడవలెను. మన పెద్దలు అట్లాగే చూచేవారు.

నేను నడిచే వీధులలో ఆ చిహ్నాలు ఒక వరుసలో వస్తాయి. పుష్యమాఘాలలో మామిడి పూత పూస్తుంది. తరువాత ఆకులేని బూరుగ కొమ్మలకు ఎర్రని పెద్ద పువ్వులు వస్తాయి. పొలిమేర గుట్టల వైపు వెళితే మోదుగ పూస్తూ కనబడుతుంది. సమిధలకు, విస్తళ్ళకు పేరుపొందిన మోదుగ ఇదే, పలాశమని సంస్కృత నామం. ఫాల్గుణంలో కానుగ ఆకులన్నీ రాల్చి, కొద్ది దినాలలోనే మెరిసే లేత ఆకులను ధరిస్తుంది. రావిచెట్టు రాగిరంగు చిగుళ్ళు వేస్తుంది. వేప మాత్రం తొందరపడదు. ఉగాది ముందుగా వచ్చిన సంవత్సరాలలో పచ్చడికి పూర్తిగా విచ్చిన పువ్వు దొరకక, మొగ్గలతోనే సరిపెట్టుకొనవలసి వస్తుంది. ఇంతలో గాలి కూడా దిశ మారుస్తుంది. చలికాలమంతా ఈశాన్యం నుండి వీచిన పొడిగాలి తగ్గి, ఆగ్నేయ దక్షిణాల నుండి మెత్తని గాలి తగులుతుంది. నేను తరగతిలో వర్ణించిన మలయమారుతం ఇదే కాబోలునని మొదటిసారి అనిపించినప్పుడు, ఒక దుకాణం అరుగు మీద కొంతసేపు కూర్చుండిపోయాను. మాకు సమీపంలోని అమీన్‌పూర్ పెద్దచెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందినది. శీతకాలంలో దూరదేశాల నుండి వచ్చి అక్కడ దిగిన పక్షులు ఎండలు ముదిరేలోపల తిరుగు ప్రయాణం కడతాయి. అవి కూడా ఒక్కనాడే లేచి వెళ్ళవు. గుంపులు గుంపులుగా, క్రమంగా వెళతాయి.

ఈ సంవత్సరం ఋతుసంధి మార్చి 12 నుండి 25 వరకు వస్తున్నది. ఈ పద్నాలుగు దినాలలో ఆచరించదగినవి చెబుతాను.

మొదటిది స్నానం. వేడినీటిని కొంచెం కొంచెంగా తగ్గించి గోరువెచ్చనికి రావలెను. వసంతంలో కూడా గోరువెచ్చని నీరే చరకసంహిత సమ్మతం. చన్నీటికి తొందర పడనక్కరలేదు. నలుగు పెట్టుకోవడం మంచిది. ఉగాదినాటి అభ్యంగన స్నానంలో ఈ ఆరోగ్య విధి ఇమిడి ఉన్నది.

రెండవది ఆహారం. మినుములు, పెరుగు, నేతి పిండివంటలు శీతకాలానికి చెల్లినవి. వాటిని వారంలో నాలుగవ వంతు చొప్పున తగ్గించి, గోధుమ, యవలు, పెసలు, తేలికైన కూరలు పెంచవలెను. అతిగా పులుపు, తీపి, జిడ్డు పనికిరావు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదును ముందు పెట్టడంలోని ఔచిత్యం ఇక్కడ తెలుస్తుంది.

మూడవది నిద్ర, నడక. పగటినిద్ర వసంతంలో నిషిద్ధం. శక్తికి తగిన వ్యాయామం విహితం. నడక సమయాన్ని దినానికి అయిదు నిమిషాల చొప్పున ముందుకు జరుపుకొంటే చాలును. నిత్యం ఔషధాలు వాడేవారు వాటిని మానకుండా, వైద్యుని అడిగి ఈ మార్పులు చేసుకోవలెను.

హైటెక్ సిటీ కార్యాలయాలలో పనిచేసే యువకులకు ఒక మాట. మీరు రోజంతా శీతల యంత్రాల కింద కూర్చుని, మండుటెండలోకి ఒక్కసారిగా అడుగుపెడతారు. శాస్త్రం పద్నాలుగు దినాలలో చేయమన్న మార్పును మీ దేహం దినానికి రెండుసార్లు ఒక్క క్షణంలో భరిస్తున్నది. బయటకు వచ్చే ముందు నడవలోనో మెట్ల వద్దనో అయిదు నిమిషాలు నిలబడండి. రాగానే మంచునీళ్ళు త్రాగకండి. మా అబ్బాయికి కూడా ఇదే చెప్పాను.

యాత్రికులకు, దాతలకు మరొక మాట. ఫాల్గుణం నుండి ఆలయ ప్రాంగణాలలోని రాతిబండలు మధ్యాహ్నం కాలుతాయి. వృద్ధులతో, పసిపిల్లలతో వచ్చేవారు ఉదయ సాయంకాలాలలో దర్శనం చేసుకోవడం మేలు. ఉగాదినాడు ప్రపాదానం, అనగా చలివేంద్రం ఆరంభించడం మన ధర్మశాస్త్ర సంప్రదాయం. ఎండ ముదిరిన తరువాత కాదు, ముదరబోయే ముందు పెట్టడంలోనే పెద్దల దూరదృష్టి ఉన్నది. మియాపూర్ వంటి చోట కూలీలు, బండి నడిపేవారు, పార్సిళ్ళు అందించే పిల్లలు నీడ లేని రహదారి మీదనే పగలంతా గడుపుతారు. ఒక కుండ మంచినీళ్ళు, ఒక పందిరి నీడ కల్పించడానికి పెద్ద సంపద అక్కరలేదు.

ఈ సంవత్సరం శివరాత్రి ఫిబ్రవరి 15న గడచింది. సామెతను గౌరవిస్తూనే, శాలువాను పెట్టెలో పెట్టలేదు. సూర్యుడు ఉదయించిన తరువాతనే గడప దాటుతున్నాను. నా అర్ధాంగి నవ్వుకొన్నది గాని ఏమీ అనలేదు. ఈ ఉగాదికి పంచాంగ పఠనం మళ్ళీ నాకే అప్పగించారు. అంగీకరించాను. అయితే గత సంవత్సరం చదివిన ఆ విద్యార్థిని కూడా పిలిచి, సంవత్సర ఫలాలు నేను చదువుతాను, రాశిఫలాలు నీవు చదువు అని చెప్పాను. వచ్చే సంవత్సరం అతడి భాగం మరికొంత పెరుగుతుంది.

ఇతి శమ్.