రాని సంచిక

చిరంజీవి మేనకోడలికి,

జిల్లా కేంద్ర గ్రంథాలయంలో నీకు పీరియాడికల్స్ సెక్షన్ ఇచ్చారని, అది నీకు చిన్నతనంగా ఉందని మీ అమ్మ చెప్పింది. తోటివాళ్లు వర్గీకరణ, కేటలాగు అంటూ చదివిన చదువుకు తగ్గ పని చేస్తుంటే నీకు మాత్రం పేపర్లు బల్లల మీద సర్దడం, వచ్చిన పత్రికకు ముద్ర వేయడం, రిజిస్టర్లో టిక్కు పెట్టడం మిగిలాయని నీ బాధ. నేను దీన్ని ఒప్పుకోను. గ్రంథాలయంలో ఒకసారి తప్పితే మళ్లీ దిద్దుకోలేని పని ఏదైనా ఉందంటే అది నీ టిక్కే. ఈ ఏడు కొనలేకపోయిన పుస్తకాన్ని వచ్చే ఏడు కొనుక్కోవచ్చు, మలి ముద్రణ కోసం ఆగనూవచ్చు. పత్రికకు మలి ముద్రణ ఉండదు. మార్చి సంచిక పోస్టులో పోయిన సంగతి నువ్వు జూలైలో గమనిస్తే, అప్పటికి వాళ్ల ఆఫీసులో మిగులు ప్రతి ఉంటుందన్న భరోసా లేదు.

ఒక్క సంచికకు అంత విలువేమిటని అడుగుతావేమో. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. చాలాకాలం దాన్నే తొలి తెలుగు కథానిక అని పాఠాల్లో చెప్పుకున్నాం. భండారు అచ్చమాంబ ‘ధన త్రయోదశి’ 1902లోనే ‘హిందూ సుందరి’లో అచ్చయిందని వెలుగులోకి వచ్చాక ఆ మాట కొత్తగా ఆలోచించాల్సి వచ్చింది. ఒక స్త్రీల పత్రిక పాత ప్రతి ఎక్కడో మిగలబట్టే ఆ చర్చకు ఆధారం దొరికింది. ఆడవాళ్ల పత్రికే కదా అని ఆ రోజుల్లో దాన్ని లెక్కచేయనివాళ్లు తప్పకుండా ఉండి ఉంటారు. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి, పత్రికల్లో చెల్లాచెదురైన కథలను ఊరూరా వెతికించి తెప్పించాల్సి వచ్చిందంటే, ఆ పత్రికలు వరుస తప్పకుండా ఒకచోట లేకపోవడమే కారణం. 1918లో ఒక పల్లెలో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనానికి పరిశోధకులు ఇప్పటికీ వెతుక్కుంటూ వెళ్లేది ముఖ్యంగా పాత పత్రికల కోసమే.

బైండింగు సంగతీ ఇక్కడే చెబుతాను. ఏడాది సంచికలు కుట్టించేటప్పుడు లావు తగ్గుతుందని అట్టలు, ప్రకటనల పేజీలు తీసేసే అలవాటు చాలాచోట్ల ఉంది. నువ్వు ఒప్పుకోకు. చాలా పత్రికలకు నెలా సంవత్సరమూ అట్ట మీదే ఉంటాయి. ఇక ప్రకటనల విషయానికొస్తే, కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక మొదలుపెట్టారు. దాని వెనుక ఉన్నది ఆయన అమృతాంజనం వ్యాపారపు సంపాదన. పత్రిక ఎవరి డబ్బుతో నడిచింది, ఎవరి కోసం నడిచింది, ఆనాడు సబ్బు ధరెంత అన్నవి ప్రకటనలు చెప్పినంత సూటిగా సంపాదకీయాలు చెప్పవు.

అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి కదా, ఈ చాకిరీ ఎందుకన్నది మీ ఆఫీసులో వినిపించే మాట. పాత పత్రికలను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టడం గొప్ప మేలే. కానీ స్కాన్ చేసింది ఎవరో దాచిన కాగితాన్నే. సంపుటిలో ఆరో సంచిక లేకపోతే తెర మీదా ఉండదు. చట్టప్రకారం ప్రతులు పెద్ద గ్రంథాలయాలకు చేరుతున్నాయి కదా అనేది మరో వాదన. పుస్తకాల ప్రతులు పంపాలన్న 1954 నాటి చట్టాన్ని 1956లో వార్తాపత్రికలకూ వర్తింపజేసిన మాట నిజం. అయితే ఆ ప్రతులు వెళ్లేది కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఢిల్లీలకు. ఆ నాలుగింటిలో తెలుగు నేల మీద ఒక్కటీ లేదు. పైగా ప్రచురణకర్త పంపితేనే అవి చేరతాయి. మీ ఊళ్లో నలుగురు టీచర్లు కలిసి నడిపే సాహిత్య పత్రిక గురించి, దినపత్రికల్లో మీ జిల్లాకు మాత్రమే వేసే పేజీల గురించి ఢిల్లీలో ఎవరు పట్టించుకుంటారు?

చోటు లేదన్న అభ్యంతరం మాత్రం నిజమైనది, దాన్ని నేను కొట్టిపారేయను. న్యూస్‌ప్రింట్ నాసి కాగితం. కొన్నేళ్లకే పసుపెక్కి మడత దగ్గర విరుగుతుంది, చెదలు సరేసరి. అన్నీ దాచమని ఎవరూ అడగరు. రాష్ట్రమంతా దొరికే వారపత్రికలు ఇంకో గ్రంథాలయంలో వరుసగా ఉన్నాయేమో కనుక్కుని, ఉంటే కిలోల లెక్కన అమ్మేయండి. జిల్లా పేజీలు, స్థానిక పత్రికలు మాత్రం ఎవరడిగినా వదలకు. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే పత్రికలు చదవాలి, పక్క జిల్లాల వాళ్లతో మాట్లాడాలి. నీ చదువు అక్కరకొచ్చేది అక్కడే.

ప్రతి పత్రికా ఏ తేదీకి రావాలో రిజిస్టర్లో ముందే రాసుకో. ఆ తేదీ దాటి వారమైతే కార్డు రాయి, లేదా ఫోన్ చెయ్యి. ఎంతకీ రాని సంచిక గడిని ఖాళీగా వదలకుండా ‘రాలేదు’ అని రాసి తేదీ వెయ్యి. లేకపోతే నీ తర్వాత వచ్చేవాళ్లకు అది అసలు వెలువడలేదో, వచ్చి పోయిందో తెలియదు. జనవరి చందాల బిల్లులు నవంబరులోనే పెట్టించు. చిన్న పత్రికలు కొన్ని డబ్బు అందిన నెల నుంచే పంపుతాయి, వెనకటివి పంపవు.

ఇట్లు,
మీ మావయ్య