మౌలాలి గుట్ట: ఒక కొండ గ్రామము నేర్పు పాఠము



కాచిగూడ స్టేషనునుండి ఈశాన్యముగా ఆరేడు మైళ్లు పోయినయెడల ఇండ్ల కప్పులకు పైగా ఒక బోడిగుండు కనబడును. అదే మౌలాలి గుట్ట. మనలో అనేకులు రైలులో ఆ ప్రక్కగా పోయినవారే గాని, అది ఏ కొండ, దాని క్రింద ఎట్టి గ్రామముండెను అని విచారించినవారు కొద్దిమందియే. ఈ నెల మన పాఠము ఆ కొండను గూర్చినది.

1. నేల సంగతి

ఈ గుట్ట సముద్రమట్టమునకు సుమారు 2,000 అడుగుల ఎత్తున నున్నది. దీని రాయి నల్లగొండ, మహబూబునగరము వైపులకు వ్యాపించిన గ్రానైటు జాతిది. భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఒకప్పుడు నేల లోతున కరగియున్న పదార్థము మెల్లగా చల్లారి రాయి అయ్యెను. పైనున్న బరువంతయు ఎండవానలకు యుగయుగములు అరిగిపోగా, లోపలి రాయి బయటపడెను. బరువు తొలగిన రాయి వ్యాకోచించి, ఉల్లిగడ్డ వలె పొరలుపొరలుగా ఊడును. అందుచేతనే ఈ గుట్ట నున్నగా గుండ్రముగా నున్నది. ఒకదానిమీద నొకటి పేర్చినట్లున్న బండలను చూచి, వీటిని ఏ రాక్షసుడు ఎత్తిపెట్టెనో అని పిల్లలు అడుగుదురు. ఎవరును ఎత్తలేదు. పగుళ్ల వెంట నీరు దిగి, మూలలు అరిగి, అవి ఉన్నచోటనే ఆ రూపము పొందినవి.

ఇట్టి రాయి నీటిని పీల్చుకొనదు. కురిసిన వాన జారి పల్లమునకు పోవును. ఆ పల్లమునకు అడ్డముగా కట్ట పోసి మన పెద్దలు కుంటలను, చెరువులను చేసికొనిరి. కొండ, కుంట, పొలము: ఈ మూడును ఒకే కుటుంబము. వాటిలో ఒకటి పోయిన, తక్కిన రెండును నిలువవు.

2. మనుష్యుల సంగతి

ఈ గుట్ట పరిసరములలో ఇనుప యుగపు సమాధులు త్రవ్వకములలో బయటపడినవి. పెద్ద రాళ్లను చుట్టూ నిలిపి, చనిపోయినవారితోకూడ కుండలను, ఇనుప పనిముట్లను ఉంచిన జనులు వారు. వారి భాష మనకు తెలియదు, వారి పేరు తెలియదు. తమవారిని మరువకూడదను కోరిక మాత్రము వారి రాళ్లు చెప్పుచున్నవి.

కొండకు నేటి పేరు గోలకొండ కుతుబ్‌షాహీల కాలమున వచ్చినది. ఇబ్రహీం కుతుబ్‌షా దినములలో, 1578లో, యాకూత్ అను కొలువు సేవకుడు స్వప్నములో హజ్రత్ అలీని ఈ కొండమీద చూచెననియు, ఉదయమున ఎక్కి చూడగా బండమీద చేతిగుర్తు కనబడెననియు సంప్రదాయము. అక్కడ దర్గా వెలసెను. నాలుగు వందలకు పైగా మెట్లు ఎక్కి జనులు దానిని దర్శింతురు. ఎదుటి గుట్టకు కదమె రసూల్ అని పేరు.

గుట్ట పాదమున మహ్ లకా బాయి చందా సమాధి యున్నది. ఆమె 1768లో పుట్టి 1824లో గతించెను. స్త్రీలలో ఉర్దూ గజళ్ల సంపుటము మొదట కూర్చిన కవయిత్రులలో ఆమె ఒకతె. తల్లి రాజ్ కన్వర్ బాయికి ఇచ్చట సమాధి కట్టించి, తుదకు తానును ఆ ప్రక్కనే పరుండెను. శిథిలమైన ఆ తోటను, కట్టడములను ఇటీవల, 2010–2011 ప్రాంతమున, బాగుచేసిరి.

తరువాత రైలు వచ్చెను. 1874లో సికింద్రాబాదు చేరిన నిజాము రైలుమార్గము 1889 నాటికి బెజవాడవరకు పొడిగింపబడెను. ఆ దారిలో మౌలాలి ఒక స్టేషనాయెను. క్రమముగా రైల్వే కార్ఖానాలు, కాలనీలు వెలసినవి. 2007లో ఈ ప్రాంతము గ్రేటర్ హైదరాబాదు నగరపాలికలో కలిసెను. గ్రామము పేటగా మారెను.

3. రాయి, రొట్టె

నగరము పెరుగుటకు రాయి కావలెను. వడ్డెర కుటుంబములు తరతరములుగా ఆ పని చేసిరి. బండమీద మంట వేసి పొర లేపుట, వరుసగా రంధ్రములు తొలిచి ఇనుప చీలలు దిగగొట్టి సమ్మెటతో చీల్చుట వారి విద్య. మన ఇంటి పునాదిలో వారి చెమట యున్నది. అయితే పిమ్మట యంత్రములును మందుగుండును వచ్చి, అనేక గుట్టలను రూపుమాపెను. అందుచేత 1996లో కొందరు నగరవాసులు శిలల రక్షణకై ఒక సంఘముగా కూడిరి. మౌలాలి దగ్గరి ఒక నిలువు శిలతోకూడ తొమ్మిది శిలాస్థలములు వారసత్వ పట్టికలో చేర్పబడినవి.

దూరపు వేల్స్ దేశములోను ఇట్టి కథయే గలదు. అచ్చటి ఒక కొండ గ్రామమునకు 1820లో కట్టిన ప్రార్థనా మందిరమునుబట్టి బేతెస్ద అని పేరు వచ్చెను. ప్రక్కనున్న పెన్రిన్ పలకరాతి గనియే వారికి జీవనము. 1900 నుండి 1903 వరకు గని పనివారు యజమానితో పోరాడి మూడేండ్లు పస్తులుండిరి. పనికి తిరిగి పోయినవారికిని పోనివారికిని మధ్య పగ చాలకాలము నిలిచెను. అయినను 2021లో యునెస్కో ఆ పలకరాతి సీమను ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. చెక్కబడిన కొండను, చెక్కిన చేతులను వారు కలిపియే జ్ఞాపకము చేసికొనిరి.

4. మనము నేర్చుకొనవలసినది

కొండను కాపాడుట యనగా రాళ్లుకొట్టువాని కూడు తీయుట కాదు. అతనికి వేరొక పని చూపకుండ కొండను మెచ్చుకొనుట సులభము. కొండను పూర్తిగా పిండిచేసి, అతని మనుమలకు పనియు కొండయు లేకుండ చేయుట అంతకంటె సులభము. ఈ రెండు సులభ మార్గములను విడిచి, ఎంత తీయవలెను, ఎక్కడ ఆపవలెను అని కూర్చుండి లెక్కించుటయే కష్టమైన పని. అది మన తరమునకు అప్పగింపబడినది.

యొర్దాను దాటినవారు గిల్గాలులో పన్నెండు రాళ్లు నిలిపిన సంగతి మనమెరుగుదుము. పిల్లలు అడుగుదురనియే వాటిని నిలిపిరి. అడుగుటకు రాయి ఉండవలెను, చెప్పుటకు పెద్దలు ఎరిగియుండవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ ఇంటికి అతి సమీపమున నున్న గుట్ట పేరేమి? దాని క్రింది కుంట ఏమాయెను?
2. మీ ఇంటి పునాది రాయి ఏ గుట్టనుండి వచ్చినదో మీ పెద్దలనడిగి తెలిసికొనుడి.
3. ఇతరుల భక్తిస్థలమున్న కొండను మన కొండ అని చెప్పగలమా? చెప్పినయెడల దానిపట్ల మన విధి యేమి?