వీపు నేలకు తగిలాక

మన కుస్తీలో రెండు భుజాలూ నేలకు ఆనితే పోటీ ముగిసినట్టే. గోదా చుట్టూ చేరిన జనం ఈలలు వేస్తారు, గెలిచినవాణ్ణి భుజాలకెత్తుకుంటారు, ఓడినవాడు మట్టి దులుపుకుని పక్కకు తప్పుకుంటాడు. బ్రెజిలియన్ జియుజిట్సులో అసలు పాఠం అక్కణ్ణుంచే మొదలవుతుంది. మీరు వెల్లకిలా పడి ఉన్నారు. మీదున్న మనిషి మీకంటే పాతిక కిలోలు ఎక్కువ. అతని ఛాతీ మీ ఛాతీని అదుముతోంది, అతని భుజం మీ దవడను పక్కకు నెట్టేస్తోంది. ఊపిరి సగమే అందుతోంది. ఇప్పుడేం చేస్తారు? ఈ విద్యంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పెరిగింది.

వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాలూ ప్రసంగాలూ పైకెలా ఎక్కాలో చెబుతాయి. కిందపడి ఉన్నంతసేపూ ఎలా ఉండాలో చెప్పేవి నాకు పెద్దగా కనబడలేదు. ఉద్యోగం పోయినప్పుడు, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు, పిల్లవాడు పరీక్ష తప్పినప్పుడు మనకు కావలసింది ఆ రెండో విద్యే. చెన్నై మైలాపూరులో ఉంటూ సాయంత్రాలు ఈ సాధనకు వెళ్ళడం మొదలుపెట్టాక నాకు దక్కిన వాటిల్లో అన్నిటికంటే విలువైనది అదే. కండబలం ఆ తర్వాత వచ్చింది.

కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ చేసే పని ఒకటుంది. మీదున్న మనిషిని రెండు చేతులతో బలంకొద్దీ తోస్తారు. చేతులు చాచగానే మోచేతులు పక్కటెముకలకు దూరమవుతాయి. పైవాడు ఎదురుచూసేది దానికోసమే. చాచిన చేతిని పట్టుకుని మోచేతి కీలు మీద పట్టు బిగిస్తాడు. తోసేకొద్దీ ఊపిరి ఖర్చయిపోతుంది, రెండు నిమిషాలకే కళ్ళు బైర్లు కమ్ముతాయి. కోచ్ చెప్పే వరస వేరు. ముందు గడ్డం ఛాతీకి ఆనించు. మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టు. ఒక ముంజేయి అతని మెడకు అడ్డం, రెండోది అతని తుంటికి అడ్డం. ఊపిరి నెమ్మదిగా వదులు. ఇప్పుడు పాదాలు నేలకు తన్నిపెట్టి నడుము పైకెత్తు, బరువు ఒక్క క్షణం కదులుతుంది. ఆ క్షణంలో ఒక పక్కకు ఒరిగి తుంటిని వెనక్కి జరుపు. బెత్తెడు ఖాళీ దొరుకుతుంది, అందులో మోకాలు దూర్చు. పైవాణ్ణి ఎత్తి పడేసింది లేదు. అతను ఎక్కడున్నాడో అక్కడే ఉన్నాడు, మీరు కొంచెం జరిగారు, అంతే.

దీన్ని క్లాసులో ష్రింప్ అంటారు. సంగీతం నేర్చుకునే పిల్లలకు సరళీ స్వరాలు ఎలాగో ఇక్కడ ఇది అలాగ. ప్రతి సాయంత్రం గది ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఇలా జరుగుతూ పోవాలి. బ్లాక్ బెల్టు వచ్చినవాళ్ళు కూడా మానరు.

ఒంటిమీద ఎనభై కిలోల బరువున్నప్పుడు గుండె దడదడలాడుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, మెడా భుజాలూ బిగుసుకుంటాయి. రాత్రి పదింటికి మేనేజరు దగ్గర్నుంచి ఫోనొస్తే జరిగేదీ దాదాపు ఇదే. శరీరానికి ఆ రెంటికీ మధ్య పెద్ద తేడా తెలియదు. ఊపిరిని నిదానంగా, దీర్ఘంగా వదిలితే గుండె వేగం కాస్త తగ్గుతుందన్నది వైద్యులంతా ఒప్పుకునే సంగతి. ధ్యానం తరగతిలో ప్రశాంతంగా కూర్చుని ఊపిరి గమనించడం మంచిదే. కానీ ఊపిరాడని చోట ఊపిరిని దారికి తెచ్చుకోవడం ఇంకో మెట్టు. అది వారానికి రెండు మూడు సాయంత్రాలు, అనుభవంతో, ఎవరూ మాటలు చెప్పకుండానే ఇక్కడ అలవడుతుంది. నెలలు గడిచేసరికి ఆఫీసు ఫోనొచ్చినప్పుడు కూడా భుజాలు వాటంతటవే కిందికి దిగడం గమనిస్తాం. ముందు గడ్డం దించు, ఊపిరి వదులు, బెత్తెడు ఖాళీ ఎక్కడుందో చూడు.

బరువు కింద నిబ్బరంగా ఉండటమనేది మన తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తినాయుడు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొందాడు. సైదాపేట మైలాపూరుకు దూరమేమీ కాదు. విజయనగరం వెళ్ళి వ్యాయామ ఉపాధ్యాయుడయ్యాడు, తర్వాత సర్కసు పెట్టి దేశమంతా తిరిగాడు, కలియుగ భీముడనిపించుకున్నాడు. ఇనప గొలుసులు తెంపడం, కదిలే మోటారు కార్లను ఆపడం లాంటివి ఎన్ని చేసినా, జనం తరాలపాటు చెప్పుకున్నది ఒకటి: ఆయన నేలమీద పడుకుని ఛాతీమీదికి ఏనుగును ఎక్కించుకునేవాడు. దాని వెనక ఏళ్ళ తరబడి చేసిన ప్రాణాయామ సాధన ఉంది. 1942లో ఆయన పోయాడు. భీముడి పేరు నిలిచింది గాని, ఊపిరి పట్టే ఆ సాధనను మనం వ్యాయామశాలల్లోంచి మెల్లగా జారవిడుచుకున్నాం. నాకు అది బాధగానే ఉంటుంది.

జియుజిట్సు కథలో మాత్రం నాయకుడు భీముడిలాంటివాడు కాడు. 1882లో జపాన్‌లో జిగోరో కానో పాత జుజుత్సు పద్ధతులను క్రమబద్ధం చేసి జూడో నేర్పడం మొదలుపెట్టాడు. ఆ బడిలో తయారైన మిత్సుయో మయెదా 1914లో బ్రెజిల్ చేరాడు. అతని దగ్గర కార్లోస్ గ్రేసీ నేర్చుకున్నాడు, అతని తమ్ముడు హీలియో అన్నను చూసి నేర్చుకున్నాడు. హీలియో బక్కపలచని మనిషి. ఎదుటివాణ్ణి ఎత్తి విసిరే బలం లేనివాడు నేలమీద ఏం చెయ్యగలడో వెతికాడు, మీట సూత్రం మీదే పట్టులన్నిటినీ సానబెట్టాడు. వెల్లకిలా పడి, రెండు కాళ్ళ మధ్య ఎదుటివాణ్ణి బిగించి ఉంచే గార్డ్ అనే స్థితి ఈ విద్యకు గుండెకాయ అయింది. 1993 నవంబరు 12న డెన్వర్‌లో వేర్వేరు యుద్ధవిద్యలవాళ్ళ మధ్య జరిగిన మొదటి యూఎఫ్‌సీ పోటీల్లో హీలియో కొడుకు రాయిస్ గ్రేసీ, ఎనభై కిలోల మనిషి, ఒకే రాత్రి ముగ్గుర్ని లొంగదీశాడు. ఆ తర్వాతే ప్రపంచం ఈ విద్య వైపు తిరిగింది. మన దేశానికి దీని పుట్టిల్లయిన జూడో అంతకంటే చాలా ముందే వచ్చింది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1929లో జపాన్ నుంచి శింజో తకగాకిని శాంతినికేతన్‌కు రప్పించి నేర్పించారు.

ఇక ట్యాప్ సంగతి. పట్టు బిగిసింది, ఇక తప్పించుకోలేం అనిపించిన క్షణాన ఎదుటివాడి ఒంటిమీద అరచేత్తో రెండుసార్లు తట్టాలి. చేతులు ఖాళీ లేకపోతే నోటితో చెప్పినా చాలు. తట్టిన మరుక్షణం అతను వదిలేస్తాడు, వదిలి తీరాలి. మెడ రెండు పక్కలా ఉన్న రక్తనాళాలను నొక్కిపట్టే చోక్‌లో కొన్ని సెకన్లకే స్పృహ పోతుంది. ఆర్మ్‌బార్‌లో ప్రత్యర్థి తుంటి మీద మన మోచెయ్యి వెనక్కి వంగుతుంది. ఇలాంటి ప్రమాదకరమైన పట్టుల్ని ఇద్దరు మనుషులు దాదాపు పూర్తి బలంతో సాధన చేసి, నవ్వుకుంటూ ఇళ్ళకు వెళ్ళగలుగుతున్నారంటే ఆ రెండు తట్ల వల్లే. తట్టాక చేతులు కలుపుతారు, మళ్ళీ మొదలుపెడతారు. ఒక్క సాయంత్రంలో ఎన్నిసార్లు ఓడామో ఎవరూ లెక్కపెట్టుకోరు.

నా మటుకు ఈ అలవాటే ఈ విద్య మనసుకిచ్చే పెద్ద వరం. మన ఇళ్ళల్లో ఓటమి ఎంత పెద్ద విషయమో అందరికీ తెలుసు. ఒక్క ర్యాంకు తగ్గితే పిల్లవాడు వారంపాటు చుట్టాల ముందుకు రాడు. తప్పు జరిగిందని ఒప్పుకోలేక ప్రాజెక్టును నెలల తరబడి లాగేవాళ్ళు, మాట పట్టింపుకు అన్నదమ్ములతో ఏళ్ళ తరబడి మాట్లాడనివాళ్ళు మన మధ్యే ఉన్నారు. దొరికిపోయానని రోజూ నలుగురి ముందు ఒప్పుకుని, వెంటనే ఎలా దొరికానో ఆ ఓడించినవాణ్ణే అడిగి తెలుసుకునే మనిషికి ఆ మొండితనం కొద్దికొద్దిగా కరుగుతుంది. నలభై దాటిన పెద్ద ఉద్యోగి పంతొమ్మిదేళ్ళ కాలేజీ కుర్రాడి దగ్గర తట్టి, "అది ఎలా పట్టావు తమ్ముడూ, ఇంకోసారి చూపించు" అని అడగడం నేను చూశాను. కుర్రాడు "మీ మోచెయ్యి బయటికొచ్చింది సార్" అని ఓపిగ్గా చూపించాడు. అలాంటి మాట ఏ కార్యాలయంలోనూ అంత సులువుగా నడవదు.

1951లో రియో డి జనీరోలోని మరకనా స్టేడియంలో హీలియో గ్రేసీ, జపాన్ జూడో వీరుడు మసహికో కిమురాతో తలపడ్డాడు. కిమురా ఆయన చెయ్యి మెలితిప్పి పట్టాడు, ఎముక విరిగిందని చెబుతారు, అయినా హీలియో తట్టలేదు. చివరికి అన్న కార్లోస్ ఓటమి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ పట్టును ఇవాళ్టికీ కిమురా అనే పిలుస్తారు. హీలియో తెగువను తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అయినా పొద్దున్నే లేచి స్కూటరు నడపాల్సినవాళ్ళూ, కంప్యూటరు ముందు కూర్చోవాల్సినవాళ్ళూ ఆ ఒక్క విషయంలో ఆయన్ని అనుసరించకూడదు. ముందుగా తట్టేవాళ్ళే ఏళ్ళ తరబడి నేర్చుకోగలుగుతారు.

ఒంటికి జరిగే మేలు కంటికి కనబడుతుంది. నడుము, తుంటి, మెడ, పిడికిలి, రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్ళకు బలహీనపడేవన్నీ ఇక్కడ పనిచేస్తాయి. అయిదు నిమిషాల రౌండు పరుగుకంటే ఎక్కువ ఆయాసం తెప్పిస్తుంది. పడటం నేర్చుకుంటాం, ఇది చాలామంది పట్టించుకోని లాభం. వెనక్కి పడేటప్పుడు చెయ్యి నేలకు ఊతంగా పెడితే మణికట్టు విరగొచ్చు. గడ్డం లోపలికి ముడిచి, వీపును గుండ్రంగా చేసి, ముంజేతులతో నేలను చరచాలి. తడి బాత్రూములో కాలు జారిన రోజున ఈ పాఠం విలువ తెలుస్తుంది.

చెన్నైలో సాధన అంటే చెమట గురించి చెప్పకుండా కుదరదు. గీ అంటే మందపాటి నూలు జాకెట్టు, ప్యాంటు. సగం క్లాసుకే తడిసి బరువెక్కుతుంది. కార్తీక మాసం వానల్లో ఉతికింది మర్నాటికి ఆరదు, అందుకే చాలామంది రెండో జత ఉంచుకుంటారు, లేదంటే ఒంటికి అతుక్కునే రాష్‌గార్డుతో సాధన చేస్తారు. ఉతకని గీతో మ్యాట్ మీదికి రావడం తోటివాళ్ళకు చేసే అపకారం. తామర ఒకరి నుంచి ఒకరికి ఇట్టే అంటుకుంటుంది. గోళ్ళు కత్తిరించుకోవాలి, అయిపోగానే స్నానం చెయ్యాలి. వేళ్ళ కణుపులు నొప్పెడతాయి, మెడ పట్టేస్తుంది. లజ్‌లోని పార్కు పేరు చూసినప్పుడల్లా మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు గుర్తొస్తారు; 1893లో ఆయన తయారుచేసిన అమృతాంజనం సీసా నా గీ సంచిలో ఎప్పుడూ ఉంటుంది. అయితే మోకాలిలో టక్కుమని శబ్దం వస్తే, చేతికి తిమ్మిరెక్కితే అది అమృతాంజనంతో పోయేది కాదు, డాక్టరుకు చూపించాల్సిందే.

ఆడపిల్లలకు ఇది నేర్పించాలని నేను గట్టిగా కోరుకుంటాను. బలవంతుడు మీదపడ్డ స్థితిలోంచి బయటపడటమే ఈ విద్యకు మొదటి పాఠం, ఆ స్థితిని ఊహించడానికే భయపడే అమ్మాయి పదేపదే అందులోంచి లేచి నిలబడుతుంది. కత్తి పట్టుకున్నవాణ్ణో, నలుగురినో ఎదుర్కోవచ్చని ఎవరైనా హామీ ఇస్తే నమ్మొద్దు. విడిపించుకుని పరుగెత్తడమే అక్కడ సరైన పని. కానీ గొంతు మీద చెయ్యి పడ్డ మొదటి మూడు సెకన్లలో కొయ్యబారిపోకుండా ఉండటం నేర్చుకోదగ్గది, నేర్పదగ్గది.

త్వరగా ఫలితం కావాలనుకునేవాళ్ళకు ఒక మాట. పెద్దల బెల్టులు తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు. నలుపు అందడానికి మామూలుగా పదేళ్ళు పడుతుంది. క్రాష్ కోర్సు లేదు, దొడ్డిదారి లేదు.

చేరే ముందు ఒక సాయంత్రం ఊరికే వెళ్ళి గోడవారగా కూర్చోండి. గోడమీది పతకాలు చూడకండి. గదిలో అందరికంటే చిన్న మనిషిని, అందరికంటే కొత్తగా వచ్చినవాళ్ళను సీనియర్లు ఎలా పడుతున్నారో చూడండి. తట్టగానే వదులుతున్నారా? నొప్పుందంటే కోచ్ ఆపుతున్నాడా? మ్యాట్లు శుభ్రంగా ఉన్నాయా, ఆడవాళ్ళు వెనకాడకుండా సాధన చేస్తున్నారా? బీపీ, గుండె జబ్బు, వెన్నులో డిస్క్ సమస్య ఉన్నవాళ్ళు ముందుగా డాక్టరును అడగండి. ఇవన్నీ సరిపోయాయనుకుంటే మర్నాడే చేరండి, మీ పాత దెబ్బలేమిటో మొదటి రోజే కోచ్‌కు చెప్పండి, మొదటి నెలంతా కింద ఉండటానికే సిద్ధపడి వెళ్ళండి.